వేళ్ల కొసల మీద అచ్చులు

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఇద్దరు బధిరులు మాట్లాడుకుంటుంటే వాళ్ల చేతుల వంక కాసేపు చూడండి. సంజ్ఞల మధ్యలో ఏదో కొత్త పేరు వస్తుంది. దానికంటూ సంజ్ఞ లేకపోతే ఇంగ్లిష్ స్పెల్లింగును వేళ్లతో ఒక్కో అక్షరంగా చూపిస్తారు. ‘ఎ’ కావాలంటే కుడిచేతి చూపుడువేలితో ఎడమచేతి బొటనవేలి కొస తాకుతారు. చూపుడువేలి కొస ‘ఇ’, మధ్యవేలిది ‘ఐ’, ఉంగరపు వేలిది ‘ఓ’, చిటికెన వేలిది ‘యు’. ఈ అయిదు అచ్చులనూ ఇదే వరసలో, ఇవే కొసల మీద పెట్టి 1680లో ఆక్స్‌ఫర్డ్ బడిపంతులొకాయన పుస్తకం అచ్చు వేయించాడు!

ఆయన పేరు జార్జ్ డల్గార్నో. స్కాట్లండ్‌లోని అబెర్డీన్ నుంచి వచ్చి ఆక్స్‌ఫర్డ్‌లో సొంతంగా బడి నడిపాడు. గ్లోవు మీద అక్షరాలు రాసి చేతికి తొడుక్కోమన్నాడు, అలవాటయ్యాక తీసేయొచ్చు. ఆయన హల్లులు నిలవలేదు, అచ్చులు నిలిచాయి. 1698లో లండన్‌లో మరో చిన్న పుస్తకం వచ్చింది. రాసినాయన పేరు చెప్పుకోలేదు గానీ, తొమ్మిదేళ్లకు పైగా వేళ్లతో తప్ప మాట్లాడలేదని మాత్రం చెప్పుకున్నాడు. అందులోవి రెండు చేతుల అక్షరాలు. ఆ పద్ధతే క్రమంగా కుదురుకుని, బ్రిటిష్‌వాళ్ల వెంట ఆస్ట్రేలియాకూ, న్యూజిలాండ్‌కూ, మనకూ వచ్చింది.

మరి అదే ఇంగ్లిష్ మాట్లాడే అమెరికాలో? అక్కడి బధిరులు ఒంటిచేత్తోనే స్పెల్లింగు చెప్పేస్తారు. ‘సి’ అంటే చేతిని ఆ అక్షరంలా వంచడం, ‘ఓ’ అంటే వేళ్ల కొసలన్నీ బొటనవేలికి చేర్చి గుండ్రంగా పట్టడం. లండన్ బధిరుడు న్యూయార్క్ వెళ్తే స్పెల్లింగు కూడా మళ్లీ నేర్చుకోవాల్సిందే. ఈ ఒంటిచేతి అక్షరాల జాడ పట్టుకుని వెనక్కి వెళ్తే స్పెయిన్‌లో తేలతాం.

బుర్గోస్ దగ్గర ఓన్యా అనే ఊళ్లో బెనెడిక్టైన్ సన్యాసుల మఠం ఉండేది. ఈ సంప్రదాయంలో మౌనం పాటించే వేళలు ఎక్కువ. నోరు మెదపకుండా అవసరాలు తీర్చుకోవడానికి సన్యాసులు శతాబ్దాలుగా సైగలు వాడేవాళ్లు. ఫ్రాన్స్‌లోని క్లూనీ మఠం సైగల జాబితాలో రొట్టె అంటే రెండు చేతుల బొటనవేళ్లూ చూపుడువేళ్లూ కలిపి చుట్టిన సున్నా, చేప అంటే తోకలా ఆడించే చెయ్యి. అలాంటి మఠంలోకి 16వ శతాబ్దం నడుమ వెలాస్కో వంశపు అన్నదమ్ములు ఫ్రాన్సిస్కో, పెద్రో వచ్చారు. ఇద్దరూ పుట్టు బధిరులు. కాస్టీల్ రాజ్యంలో సేనాధిపత్యం వంశపారంపర్యంగా అనుభవించిన ఇల్లు వాళ్లది. ఆ వంశంలో దగ్గరి సంబంధాలు మామూలే. మేనరికాలు ఎరిగిన మనకు ఆ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు.

వాళ్లకు చదువు చెప్పింది పెద్రో పోన్సె దె లియోన్ అనే సన్యాసి. ఆ రోజుల్లో ఇది చిన్న విషయం కాదు. పుట్టుకతో చెవీ నోరూ లేనివాడు వీలునామా రాయలేడని రోమన్ చట్టం చెప్పింది, మధ్యలో అలా అయినవాడికి రాత వస్తే మాత్రం ఆ అడ్డు లేదు. అంటే పలకా బలపం పట్టించడమంటే మనిషిగా లెక్కలోకి తేవడమే. పోన్సె 1578లో రాయించిన దస్తావేజులో తన బధిర శిష్యులు చదవడం, రాయడం, పలకడం నేర్చారనీ, కొందరికి లాటిన్, గ్రీకు కూడా వచ్చాయనీ ఉంది. ఆయన పద్ధతిని వివరించే గ్రంథం మాత్రం మనకు దక్కలేదు.

అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటుంది. వెలాస్కోల ఇంట్లో బధిరులు ఆ ఇద్దరే కాదు, తోబుట్టువుల్లో మరికొందరున్నారు. అంతమంది ఒక్క కప్పు కింద పెరిగితే మఠానికి రాకముందే వాళ్లకంటూ సైగల వాడుక ఉండి తీరాలి. పోన్సె కూడా దాని ఆసరాతోనే పాఠం మొదలుపెట్టి ఉండాలి. ఆ పిల్లలు ఆకలిని ఎలా చెప్పుకున్నారో, నాన్నను ఏ సైగతో పిలిచారో ఎవ్వరూ రాసిపెట్టలేదు. గురువు గొప్పదనానికి దస్తావేజు ఉంది, శిష్యుల భాషకు ఒక్క పేజీ లేదు.

పోన్సె పోయిన తొమ్మిదేళ్లకు, 1593లో, మాడ్రిడ్‌లో మెల్చోర్ దె యెబ్రా అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి పుస్తకం వెలువడింది. ఒంటిచేతి అక్షరాల బొమ్మలు అందులో ఉన్నాయి. అవసాన దశలో మాట పడిపోయినవాళ్లు చేతులతోనైనా పాపాలు ఒప్పుకుని పోవాలన్నది ఆయన తాపత్రయం. 1620లో హువాన్ పాబ్లో బోనెట్ ఆ అక్షరాలను చక్కని చెక్కడపు బొమ్మలతో బధిరుల చదువు పుస్తకంలోకి ఎక్కించాడు. బోనెట్ కొలువు చేసిందీ వెలాస్కోల ఇంట్లోనే, అక్కడ లూయిస్ అనే మరో బధిర బాలుడున్నాడు. లూయిస్‌కు అసలు పాఠాలు చెప్పిన రమీరెస్ దె కర్రియోన్ పేరు గానీ, పోన్సె పేరు గానీ బోనెట్ పుస్తకంలో లేవు. ఇది క్షమించదగ్గ మరుపు కాదు.

లూయిస్‌ను 1623లో ఇంగ్లండ్ యువరాజు చార్లెస్ మాడ్రిడ్‌లో చూశాడు. యువరాజు పరివారంలోని వేల్స్ మనుషులు తమ భాషలో మాటలు పలికితే, లూయిస్ పెదవులు చూసి వాటిని అచ్చంగా తిరిగి పలికాడట. అక్కడే ఉన్న కెనెల్మ్ డిగ్బీ 1644లో ఇది రాశాడు. బధిరులకు చదువు చెప్పొచ్చన్న ఆలోచన ఇంగ్లండ్‌లో రాజుకోవడానికి ఆ కథనం ఒక కారణం. డల్గార్నో ఆ తర్వాతి తరంవాడే.

పారిస్‌లో 1760 ప్రాంతంలో బధిరుల బడి పెట్టిన ఫాదర్ దె లెపేకు ఎవరో బోనెట్ పుస్తకం అమ్మజూపారు. స్పానిష్ రాదని వద్దనబోయిన ఆయన, పేజీలు తిప్పుతూ చేతుల బొమ్మలు చూసి వెంటనే కొన్నాడు, దానికోసం స్పానిష్ నేర్చుకున్నాడు. ఆ బడిలో చదివి పంతులైన బధిరుడు లోరాన్ క్లెర్ 1816లో అమెరికా నుంచి వచ్చిన థామస్ గాలొడెట్‌తో ఆ దేశానికి ఓడెక్కాడు. చిన్నప్పుడు నిప్పుల్లో పడడంతో క్లెర్ చెంప మీద మచ్చ మిగిలింది, రెండు వేళ్లతో చెంప నిమరడమే సంజ్ఞల్లో ఆయన పేరు. యాభై రెండు రోజుల ప్రయాణంలో క్లెర్ సంజ్ఞలు నేర్పాడు, గాలొడెట్ ఇంగ్లిష్ నేర్పాడు. 1817లో హార్ట్‌ఫర్డ్‌లో బడి తెరిచారు. స్పెయిన్ అక్షరాలు అలా అమెరికా చేరాయి.

లెపేయే సంజ్ఞా భాషను కనిపెట్టాడని లోకం చాన్నాళ్లు నమ్మింది. పియేర్ దెలోజ్ అనే పారిస్ బధిరుడు, పుస్తకాలు బైండింగు చేసుకుని బతికేవాడు, 1779లోనే పుస్తకం రాసి దానికి జవాబిచ్చాడు. లెపే బడి మొహం చూడని తనలాంటి కష్టజీవులు తమలో తాము సంజ్ఞలతో సమస్తమూ మాట్లాడుకుంటారని అందులో చెప్పాడు. నూటొక్క ఏళ్ల తర్వాత, 1880లో, మిలాన్‌లో పంతుళ్ల మహాసభ కూడి బధిర పిల్లలకు నోటిమాటతోనే చదువు చెప్పాలని తీర్మానించింది. సభలో దాదాపు అందరూ వినగలిగినవాళ్లే. ఆ తర్వాత ఎన్నో దేశాల బడులు సంజ్ఞలను తరగతి గది నుంచి గెంటేశాయి. తరాల పిల్లలు చేతులు కట్టుకుని, అర్థం కాని పెదవుల వంక చూస్తూ కూర్చున్నారు. 2010లో వాంకూవర్‌లో అదే మహాసభ ఆ తీర్మానాలకు విచారం వెలిబుచ్చింది.

మన దేశంలో భారతీయ సంజ్ఞా భాషకు ప్రత్యేక పరిశోధన, శిక్షణ సంస్థ 2015లో ఢిల్లీలో ఏర్పడింది. 2018లో 3,000 మాటలతో మొదలైన దాని నిఘంటువు 2021 నాటికి 10,000 మాటలకు పెరిగింది. ప్రాంతాన్ని బట్టి మారే సంజ్ఞలకూ అందులో చోటిచ్చారు. ఒకే ఇంట్లో ముగ్గురు నలుగురు బధిరులున్న పల్లెలు మన దగ్గరా ఉన్నాయి. వెలాస్కోల పిల్లల కాలంలో లేని వీడియో కెమెరా ఇప్పుడు ప్రతి జేబులో ఉంది కాబట్టి, ఆ ఇళ్ల సంజ్ఞలను వాళ్ల పెద్దలుండగానే, వాళ్ల పేర్లతోనే నమోదు చేయాలి.