పెండ్లి పటము - కెమేరా చరిత్ర

మన పెద్దలు ఊరు విడిచి వచ్చినప్పుడు వెంట తెచ్చుకున్న సామాను చాలా కొద్ది. షోలాపురంలో మగ్గాల పనికి వచ్చినవారైనా, బొంబాయిలో కట్టడాల పనికి వచ్చినవారైనా, బరంపురంలోను హోసూరులోను తరతరాలుగా నిలిచిపోయినవారైనా, ఇంటి గోడమీద మాత్రం ఒక పెండ్లి పటం ఉంచుకున్నారు. తాతగారు కుర్చీలో బిగుసుకొని కూర్చుంటారు. నాయనమ్మ పక్కన నిలబడి ఉంటుంది. ఇద్దరి మొగాలలోను నవ్వు ఉండదు. ఆనాటి సిగ్గు, మర్యాద దీనికి కొంత కారణం. తక్కిన కారణం కెమేరా. కదిలితే పటం చెడుతుందని ఫోటోగ్రాఫరు ముందే హెచ్చరించేవాడు. ఏ కాలంలోనైనా పెండ్లి పటం ఎట్లా ఉండాలో సగం నిర్ణయించింది ఆ కాలపు కెమేరాయే. అందుచేత ఈనాడు పెండ్లికి ఏ కెమేరా మంచిదని అడిగేవారు ముందుగా ఈ చరిత్రను కొంచెం తెలుసుకోవడం మేలు.

1839లో ఫ్రాన్సు దేశస్థుడైన డాగెర్ పద్ధతి లోకానికి వెల్లడి అయింది. వెండిపూత గల రాగిరేకు మీద బొమ్మ పడేది. మొదటి రోజులలో అందుకు నిమిషాలకొద్దీ వెలుతురు కావలసి వచ్చేది. 1851లో ఆర్చర్ అనే ఆంగ్లేయుడు గాజుపలక మీద కొలోడియన్ పూసే పద్ధతిని ప్రకటించాడు. కాలం తగ్గింది గాని చిక్కు పెరిగింది. పలక తడిగా ఉండగానే ఫోటో తీయాలి, తడి ఆరకముందే మందులో కడగాలి. మన ఎండలలో ఆ తడి ఎంతసేపు నిలుస్తుందో వేరే చెప్పాలా? ఫోటోగ్రాఫరు చీకటి గుడారాన్ని కూడా వెంట మోసుకొని తిరిగేవాడు. అయినా ఈ విద్య మీద మోజు తగ్గలేదు. 1856లోనే మద్రాసులో ఫోటోగ్రాఫిక్ సొసైటీ ఏర్పడింది. అక్కడి చిత్రకళాశాలను స్థాపించిన డాక్టరు అలెగ్జాండరు హంటరు దానికి మూలపురుషుడు. 1871లో మాడక్స్ సూచించిన జెలటిన్ పొడిపలక తరువాతి సంవత్సరాలలో బాగుపడి, చీకటి గుడారపు బాధను తీర్చింది.

ఈ మార్పుల నడుమ మన హైదరాబాదుకు ఒక మహనీయుడు వచ్చాడు. ఆయన రాజా దీన్‌దయాళ్. 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టాడు. రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇందోరులో ఉద్యోగం చేస్తూ ఫోటోగ్రఫీ పట్టుకున్నాడు. 1886లో సికింద్రాబాదులో స్టూడియో పెట్టాడు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆయనను ఆదరించి బిరుదులిచ్చాడు. మన విషయానికి ముఖ్యమైనది ఆయన 1892లో హైదరాబాదులో తెరిచిన జెనానా స్టూడియో. అక్కడ ఘోషా స్త్రీలకు స్త్రీలే ఫోటోలు తీసేవారు. ఒక ఆంగ్ల వనిత దాని అజమాయిషీ చూసేది. పటం తీయించుకునేవారి మర్యాదను బట్టి పనిముట్టును, పద్ధతిని అమర్చుకోవాలి గాని పనిముట్టు కోసం వారిని వంచరాదు అన్న నీతి అందులో ఉన్నది. 1896లో బొంబాయిలో కూడా ఆయన స్టూడియో వెలిసింది. 1905లో ఆయన కాలధర్మం చెందాడు.

అప్పటికీ పెండ్లి పటమంటే పెండ్లయిన తరువాత స్టూడియోకు వెళ్ళి తీయించుకునేదే. కెమేరా పందిట్లోకి రావాలంటే అది చిన్నది కావాలి, వెలుతురును తానే తెచ్చుకోవాలి. 1929లో జర్మనీలో రోలీఫ్లెక్స్ పుట్టింది. రెండు కళ్ళ ఈ కెమేరాను మెడలో వేసుకొని, తల వంచి పై అద్దంలో చూస్తూ ఫోటో తీస్తారు. అదే కాలంలో ఫ్లాష్ బల్బు కూడా వచ్చింది. 1957లో వచ్చిన జపాను వారి యాషికా మాట్ ఈ జాతిదే. మన పట్టణాలలో ఎన్నో స్టూడియోలు ఇటువంటి కెమేరాలతోనే బ్రతికాయి. 120 ఫిల్ము చుట్టకు పన్నెండు చదరపు పటాలు వస్తాయి. ఒక బల్బు ఒక్కసారే వెలుగుతుంది. కనుక జీలకర్ర బెల్లం, మంగళసూత్రధారణ, తలంబ్రాలు, అరుంధతీ దర్శనం, అప్పగింతలు అని ముందే లెక్క వేసుకొని, ఒక్కొక్క ఘట్టానికి ఒకటో రెండో కేటాయించేవారు. చుట్ట మార్చే సమయానికి అడ్డుతెర దించారా, ఆ చూపులు కలిసిన క్షణం పోయినట్లే.

1925లో అమ్మకానికి వచ్చిన లైకా కెమేరా 35 మిల్లీమీటర్ల సినిమా ఫిల్మును వాడింది. ఒక్కొక్క పటం 24కు 36 మిల్లీమీటర్లు, చుట్టకు ముప్పదియారు. 1959లో నికాన్ ఎఫ్ వచ్చాక, లెన్సులు మార్చుకోగల ఏకాక్షి రిఫ్లెక్సు కెమేరాలు వృత్తిలో స్థిరపడ్డాయి. మన దేశంలో ఉదకమండలం వద్ద హిందూస్థాన్ ఫోటో ఫిల్మ్స్ 1960లో స్థాపితమై, 1967లో ఉత్పత్తి ప్రారంభించి, 'ఇందు' పేరుతో ఫిల్ము అందించింది.

ఫిల్ము లేని ఫోటో మొదట ఎగతాళిగానే కనిపించి ఉంటుంది. 1975లో కొడాక్ కంపెనీ ఇంజనీరు స్టీవెన్ సాసన్ తయారుచేసిన యంత్రం సుమారు మూడున్నర కిలోలు తూగేది. అందులోని చుక్కలు పదివేలు మాత్రమే. ఒక నలుపు తెలుపు బొమ్మను టేపు మీదికి ఎక్కించడానికి 23 సెకండ్లు పట్టింది. 1991లో అదే కంపెనీ 13 లక్షల చుక్కల కెమేరాను అమ్మింది. 1999లో నికాన్ డి1లో అవి 27 లక్షలయ్యాయి. 2005లో కేనన్ 5డి 128 లక్షల చుక్కలతో, లైకానాటి 24కు 36 కొలత గల సెన్సరుతో వచ్చింది. ఈ కొలతనే ఫుల్ ఫ్రేమ్ అంటున్నారు. ఫిల్ముకు రారాజైన కొడాక్ మాత్రం 2012లో దివాలా రక్షణ కోరవలసి వచ్చింది.

ఇక ఎంపిక మాట. మెగాపిక్సెల్ అంటే పది లక్షల చుక్కలు. 24 మెగాపిక్సెళ్ళ బొమ్మకు నిలువు 4000, అడ్డం 6000 చుక్కలు. అంగుళానికి 300 చొప్పున అచ్చువేసినా 13కు 20 అంగుళాల పటం వస్తుంది. ఆల్బమ్ పుటకు అది చాలు. అంతకు మించిన సంఖ్య కోసం అప్పు చేయనక్కరలేదు. మన ముహూర్తాలు తరచు రాత్రివేళ, హోమధూమంలో జరుగుతాయి. ఫుల్ ఫ్రేమ్ సెన్సరు వైశాల్యం ఏపీఎస్-సీ సెన్సరుకు రెండింతలకు పైగా ఉంటుంది. అంత వెలుతురును ఎక్కువగా పట్టుకుంటుంది. తెల్లని మధుపర్కాలు, చామనచాయ మొగాలు ఒకే పటంలో తేలాలి. మొగాన్ని చూసి వెలుతురు పెంచితే బట్ట అంచు, నేత మాయమవుతాయి. అందుకు రా పద్ధతిలో రికార్డు చేసే కెమేరా మేలు. జేపెగ్‌లో ఒక్కొక్క రంగుకు 256 మెట్లయితే, 14 బిట్ల రాలో 16,384 మెట్లు. తరువాత సవరించుకోవడానికి అంత చోటు ఉంటుంది.

అన్నిటికంటె ముఖ్యమైనది రెండు కార్డులు పట్టే కెమేరా. మా బంధువుల పెండ్లి ఒకటి ఒకే కార్డు గల కెమేరాతో తీశారు. మరునాడు ఆ కార్డు తెరుచుకోలేదు. కట్టిన డబ్బు తిరిగి ఇచ్చారు, నిజమే. కాని స్వగ్రామం నుండి చివరిసారిగా వచ్చి, పీటల పక్కన కూర్చుని ఆశీర్వదించిన అమ్మమ్మగారి ముఖాన్ని ఎవరు తిరిగి ఇవ్వగలరు? మంగళసూత్రం రెండవసారి కట్టించలేము గదా! 2018లో నికాన్, కేనన్ కంపెనీలు తమ మొదటి ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్ కెమేరాలలో ఒకే కార్డుకు చోటు పెట్టి విమర్శలు పడ్డాయి. 2020లో వచ్చిన నికాన్ జడ్6-2, కేనన్ ఆర్6 కెమేరాలలో రెండేసి కార్డులు పెట్టాయి. పెండ్లివారి బాధ కంపెనీలకు కూడా వినిపించిందన్నమాట. కెమేరా బాడీ కొన్నేళ్ళకు పాతబడుతుంది, మంచి లెన్సు చాలాకాలం నిలుస్తుంది. అందుచేత ఉన్న డబ్బును బాడీకే పోయక, లెన్సుకు, రెండవ బాడీకి కొంత మిగుల్చుకోవడం వివేకం. రెండు కార్డులున్న పాత బాడీ చవకగా దొరికితే చిన్నచూపు చూడరాదు.

పన్నెండు పటాల నాడు ఏది తీయాలా అని ఆలోచించేవారు. వేల పటాల ఈనాడు ఏది దాచాలా అని ఆలోచించాలి. ఆనాటి నెగటివు రేకుపెట్టెలో పడి ఉన్నా, చెమ్మ తగలకపోతే మనుమల నాటికి కూడా పటమిస్తుంది. ఈనాటి బొమ్మ ఉన్న హార్డు డిస్కు చెప్పకుండానే ఆగిపోవచ్చు. కనుక రెండుచోట్ల దాచండి. పది పటాలైనా మంచి కాగితం మీద అచ్చు వేయించి, వెనుక పేర్లు, ఊరు, తేదీ తెలుగులో వ్రాయండి. మన పిల్లలలో కొందరికి ఇంట తెలుగు వినబడుతున్నా చదవడం రాకపోవచ్చు. తాతగారి పేరు చదవాలన్న కోరికతోనైనా ఆ నాలుగు అక్షరాలు నేర్చుకుంటారు. ఈ ఉగాదినాడు గోడమీది పాత పటాన్ని దించి, దుమ్ము తుడిచి, అందులోని వారెవరో ఇంటి పెద్దలను అడిగి వ్రాసి ఉంచండి. చెప్పగలవారు ఉండగానే ఆ పని జరగాలి.