కుక్కలా మొరిగిన కుర్రాడి కథ

1957 నవంబరు 3న సోవియట్ యూనియన్ స్పుత్నిక్-2ను ఆకాశంలోకి పంపింది. అందులో ఆరు కిలోల బరువున్న ఆడకుక్క ఉంది. పేరు లైకా. మాస్కో వీధుల్లో తిరుగుతూ దొరికిన ఊరకుక్క. అక్టోబరు విప్లవానికి నలభై ఏళ్లు నిండుతున్నాయి, ఆ పండగకు ఏదో ఒక అద్భుతం చేసి చూపాలని సోవియట్ నేత క్రుశ్చేవ్ పట్టుబట్టాడు. నాలుగు వారాలైనా తిరగకుండానే నౌక తయారైంది. ఆ హడావుడిలో పైకి వెళ్లే దారి చూసుకున్నారు గానీ కిందికి దిగే దారి పెట్టలేదు. పెట్టలేదన్న సంగతి లైకాకు తప్ప అందరికీ తెలుసు. దానికి శిక్షణ ఇచ్చిన శాస్త్రవేత్తల్లో ఒకరైన వ్లదీమిర్ యజ్దోవ్‌స్కీ, ప్రయాణానికి ముందు దాన్ని తన ఇంటికి తీసుకెళ్లి పిల్లలతో ఆడుకోనిచ్చాడట.

ఆ వార్త ప్రపంచమంతా పాకిన రోజుల్లో, స్వీడన్‌లోని మాల్మోలో పుట్టిన రైదార్ యోన్సన్ పన్నెండు పదమూడేళ్ల కుర్రాడు. పెద్దవాడై ఓడల్లో పనిచేశాడు, రచయిత అయ్యాడు. ఆ వయసు జ్ఞాపకాలను మాత్రం మోస్తూనే వచ్చాడు. పాతికేళ్లు గడిచాక, 1983లో, అవి నవలగా బయటపడ్డాయి. పేరు ‘మిత్ లివ్ సోమ్ హుండ్’. మన మాటల్లో ‘కుక్కగా నా జీవితం’.

కథ వింటే గుండె బరువెక్కుతుంది. ఇంగెమార్ అనే పిల్లవాడు. ఏడిపించే అన్న ఎరిక్. పక్కకే అతుక్కుపోయి పుస్తకాలు చదువుకునే జబ్బుపడ్డ అమ్మ. ఎక్కడో భూమధ్యరేఖ దగ్గర అరటిపళ్లు ఓడకెక్కిస్తున్నాడని చెప్పుకునే నాన్న. వాడికంటూ మిగిలింది సిక్కన్ అనే కుక్క ఒక్కటే. అమ్మకు విశ్రాంతి కావాలని అన్నదమ్ములను చెరో బంధువు ఇంటికి పంపేస్తారు. కుక్కను ఇంకెక్కడికో పంపుతారు.

దీన్ని సినిమాగా తీయడమెలా? ఉన్నదున్నట్టు తీస్తే అరగంటకు మించి ఎవరూ కూర్చోలేరు. హాస్యంగా తీస్తే పిల్లవాడి దుఃఖాన్ని వెక్కిరించినట్టవుతుంది. ఈ చిక్కుముడి చివరికి దర్శకుడు లాసే హాల్‌స్ట్రోమ్ చేతికి వచ్చింది.

ఆయన ఈ పనికి సరిపోతాడని ఆ రోజున అనుకోవడం కష్టమే. స్వీడిష్ సినిమా అంటే అప్పటికి లోకానికి దర్శకుడు బెర్గ్‌మాన్ ఒక్కడే గుర్తొచ్చేవాడు. హాల్‌స్ట్రోమ్ దారి పూర్తిగా వేరు. తండ్రి పళ్ల డాక్టరు, సరదాకి సినిమాలు తీసుకునేవాడు. తల్లి రచయిత్రి. కొడుకు టీవీలో చేరి, 1974 నుంచి అబ్బా బృందం పాటలకు వరసగా వీడియోలు తీశాడు. ఆ బృందం గాయనుల్లో అగ్నెథా పక్కకు తిరిగి ఉంటే ఫ్రిదా ఎదురుగా చూస్తూ ఉండే ఆ దగ్గరి షాట్లు ఆయనవే. 1977లో ఆ బృందం మీదే పూర్తి నిడివి సినిమా తీశాడు. మధ్యమధ్యలో ప్రేమజంటల మీద, స్నేహితుల మీద నాలుగైదు కామెడీలు తీశాడు. అవి స్వీడన్‌లో నవ్వించాయి, సరిహద్దు దాటి పెద్దగా పోలేదు. అయితే పాటల వీడియోలు ఆయనకు ఒక విద్య నేర్పాయని నా నమ్మకం. మాట లేకుండా ముఖం మీదే కాసేపు నిలబడగలగడం. ముందు ముందు ఆ విద్యే అక్కరకొచ్చింది.

యోన్సన్, హాల్‌స్ట్రోమ్, బ్రాసే బ్రెన్‌స్ట్రోమ్, పేర్ బెర్గ్‌లుండ్ నలుగురూ కలిసి చిత్రకథ రాశారు. ముడి విప్పే మొదటి ఉపాయం కథలోనే దొరికింది. అది లైకా.

ఇంగెమార్ ఏడవడు. రాత్రి పూట నక్షత్రాలు చూస్తూ తన కష్టాన్ని ఇతరుల కష్టాలతో పోల్చుకుంటాడు. కొత్త మూత్రపిండం పెట్టించుకుని పేపర్లకెక్కినవాడు కూడా చివరికి చచ్చిపోయాడు. మైదానానికి అడ్డంగా నడుస్తూ ఈటె తగిలి ఒకడు పోయాడు. లైకా సంగతి ఇక చెప్పేదేముంది, తిండి అయిపోయి అలమటించి చచ్చిపోయింది. వాళ్లతో చూస్తే నాకేం తక్కువ, అనుకుంటాడు. ప్రేక్షకుడికి ముందు నవ్వొస్తుంది. ఆ నవ్వు పూర్తయ్యేలోపే గొంతులో ఏదో అడ్డుపడుతుంది. మన సినిమాల్లో అయితే ఈపాటికి వానా, వయొలిన్లూ వచ్చేసేవి. ఇక్కడ కుర్రాడి గొంతు ఒక్కటే వినిపిస్తుంది.

రెండో ఉపాయం ఊరు. స్మోలాండ్ ప్రాంతం గాజు కార్ఖానాలకు పేరు. అక్కడి ఓఫోర్స్ అనే చిన్న ఊళ్లో చిత్రీకరణ జరిగింది. కెమెరా పట్టింది ‘ఎల్విరా మాదిగన్’ తీసిన యోర్గన్ పేర్సన్. ఇంగెమార్ వచ్చి చేరిన మామయ్య గున్నార్ ఊళ్లో అందరూ కొద్దికొద్దిగా తిక్కవాళ్లే. ఒకాయన ఎప్పుడు చూసినా ఇంటికప్పు బాగుచేస్తుంటాడు. మంచం దిగలేని ముసలాయన ఒకరు ఆడవాళ్ల లోదుస్తుల కేటలాగును కుర్రాడిచేత పైకి చదివించుకుంటాడు. ఇంకో కుర్రాడి జుట్టు పచ్చగా ఉంటుంది. మామయ్య ఒకే పాట రికార్డును మళ్లీ మళ్లీ వేస్తుంటాడు. వీళ్లెవరూ ఇంగెమార్‌ను ఓదార్చరు, మధ్యలో చోటిస్తారంతే.

ఆ తర్వాత సాగా వస్తుంది. మగపిల్లల జట్టులో ఫుట్‌బాల్ ఆడుతుంది, బాక్సింగ్ చేస్తుంది. ఎదుగుతున్న ఒంటిని గుడ్డతో గట్టిగా బిగించి కట్టుకుంటుంది, జట్టులోంచి తీసేస్తారని భయం. ఇద్దరి మధ్యా పుట్టిన ఇష్టానికి ఏం పేరు పెట్టాలో వాళ్లకే తెలియదు. గుద్దులాడుకుంటూనే దగ్గరవుతారు. ఆంటన్ గ్లాన్సేలియస్, మెలిండా కిన్నమన్ అనే ఇద్దరు పిల్లలు ఈ పాత్రలు వేశారు. నటిస్తున్నట్టు ఎక్కడా అనిపించదు.

ఈ సినిమాలో నాకు అన్నిటికంటే నచ్చిన నిర్ణయం సిక్కన్‌కు సంబంధించింది. దాన్ని పంపేశాక మళ్లీ చూపించరు. ఎక్కడుందని ఇంగెమార్ అడుగుతూ ఉంటాడు, పెద్దవాళ్లు మాట దాటేస్తూ ఉంటారు. మనమూ వాడితోపాటే ఎదురుచూస్తాం. అమ్మ పోయిందని ఒక దెబ్బ తిన్నాక, కుక్కనూ ఎప్పుడో చంపించేశారని తెలిసి మరో దెబ్బ. అప్పుడు వాడు మామయ్య కట్టిన చిన్న వేసవింట్లో దూరి తలుపు గడియ పెట్టుకుంటాడు. ఎవరు పిలిచినా కుక్కలా మొరుగుతాడు. పేరులో ఉన్నమాట అక్కడ నిజమవుతుంది.

కథ 1959 జూన్ 26 రాత్రి దగ్గర ఆగుతుంది. న్యూయార్క్‌లో ఇంగెమార్ జోహాన్సన్ అనే స్వీడన్ బాక్సర్ మూడో రౌండులో ఫ్లాయిడ్ పాటర్సన్‌ను ఓడించి ప్రపంచ హెవీవెయిట్ చాంపియన్ అయ్యాడు. స్వీడిష్ రేడియో ఆ పోటీని ప్రసారం చేయనంది. జనం రాత్రంతా మేలుకుని రేడియో లక్సెంబర్గ్ పట్టుకున్నారు. సినిమాలో ఊరంతా సంబరంతో కేకలు వేస్తుంటే, మన ఇంగెమార్ సాగా పక్కన సోఫాలో నిద్రపోతుంటాడు.

1985 డిసెంబరులో సినిమా విడుదలైంది. స్వీడన్ జాతీయ పురస్కారం గుల్డ్‌బాగె ఉత్తమ చిత్రానికీ, పసివాడు గ్లాన్సేలియస్‌కూ వచ్చింది. అక్కడితో ఆగిపోయి ఉండవచ్చు, ముందటి కామెడీలు అక్కడే ఆగాయి కదా. 1987లో ఒక చిన్న పంపిణీ సంస్థ అమెరికాలో వేసింది. కింద అక్షరాలు చదువుకుంటూ చూడాల్సిన స్వీడిష్ సినిమాకు జనం వచ్చారు. ఉత్తమ విదేశీ చిత్రంగా గోల్డెన్ గ్లోబ్ దక్కింది. 1988 ఆస్కార్లలో దర్శకత్వానికీ, చిత్రకథకూ నామినేషన్లు వచ్చాయి. పాటల వీడియోలు తీసిన మనిషి ఇటలీ దర్శకుడు బెర్తొలూచీ పక్కన పోటీలో నిలబడ్డాడు. గెలిచింది బెర్తొలూచీయే.

హాల్‌స్ట్రోమ్ హాలీవుడ్ చేరినా ఇలాంటి కథలను విడిచిపెట్టలేదు. 1993లో ‘వాట్స్ ఈటింగ్ గిల్బర్ట్ గ్రేప్’ అన్నదమ్ముల కథే. 2009లో ‘హాచి’ తీశాడు, రాని యజమాని కోసం స్టేషను ముందు కూర్చుని ముసలిదైపోయిన కుక్క కథ. 2017లో మళ్లీ ఇంకో కుక్క సినిమా.

ఇక లైకా. 2002లో హ్యూస్టన్‌లో జరిగిన అంతరిక్ష సదస్సులో దిమిత్రీ మలషెంకోవ్ అనే రష్యన్ శాస్త్రవేత్త అసలు సంగతి బయటపెట్టాడు. లైకా ఆకలితో చావలేదు. లోపలి వేడి అదుపు తప్పి, ఎగిరిన కొద్ది గంటల్లోనే ప్రాణం విడిచింది. ఇంగెమార్‌కు ఆ సంగతి తెలిసే వీలే లేదు. సినిమాలో వాడు ఇప్పటికీ నక్షత్రాలకేసి చూస్తూ, లైకా తిండిలేక చచ్చిపోయిందనే చెబుతుంటాడు.