రంగుల నుంచి మందుల దాకా: స్కిజోఫ్రీనియా చికిత్సలో ఒక అన్వేషణ

సూరత్‌లోని పాండేసర పారిశ్రామికవాడ పేరు మీలో కొందరు వినే ఉంటారు. చీరలకు రంగులద్దే, అచ్చులు వేసే మిల్లులకు అది ప్రసిద్ధి. మగ్గాల పని కోసం తెలంగాణ నుంచి వెళ్లి సూరత్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలూ ఎన్నో ఉన్నాయి. బట్టలకు వేసే రంగులకూ మానసిక వ్యాధుల మందులకూ చుట్టరికం ఉందంటే మీరు నమ్ముతారా? 1876లో జర్మనీలో తయారైన మిథిలీన్ బ్లూ అనే నీలిరంగులో ఫినోథయజిన్ అనే రసాయన నిర్మాణం ఉంది. 1950లో ఫ్రాన్స్‌లో తయారైన క్లోర్‌ప్రోమజిన్‌కూ అదే పునాది. 1952లో పారిస్‌లో జాన్ డిలే, పియర్ డెనికర్ అనే వైద్యులు ఆ మందుతో రోగుల భ్రమలు, భ్రాంతులు తగ్గడం గమనించారు.

అయితే ఇంట్లోవారిని కుంగదీసే లక్షణాలు వేరే ఉన్నాయి. మాట తగ్గిపోతుంది. ముఖంలో భావం కనిపించదు. చదువుమీద, పనిమీద, మనుషులమీద ఆసక్తి ఉండదు. వీటిమీద ఆ మందులు పెద్దగా పనిచేయలేదు. మెదడులో వాపు ప్రక్రియ, అంటే ఇన్‌ఫ్లమేషన్, ఇందుకు కొంత కారణమేమోనని కొందరు శాస్త్రజ్ఞులు ఊహించారు. అలాగైతే దాన్ని తగ్గించే మందును మామూలు చికిత్సకు జోడిస్తే? 2002లో జర్మనీలోని మ్యూనిక్‌లో నార్బర్ట్ ముల్లర్ బృందం 50 మంది రోగులపై సెలికాక్సిబ్ అనే నొప్పి మాత్రను ఇలా జోడించి చూసింది. ఫలితం ఆశాజనకంగానే వచ్చింది. 2010లో నెదర్లాండ్స్‌లో 70 మందిపై ఆస్పిరిన్‌ను పరీక్షించారు. అక్కడా కొంత మేలు కనిపించింది.

ఇక మన తెలుగువారికి ఆసక్తి కలిగించే ఘట్టానికి వద్దాం. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వం వహించారు. ఆయన కాలంలోనే బెంజమిన్ డగ్గర్ అక్కడ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్‌ను వెలికితీశారు. టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో అదే మొదటిది. 1948లో దాన్ని లోకానికి ప్రకటించిన కొద్ది రోజులకే సుబ్బారావు కన్నుమూశారు. తరువాత 1960లలో అదే లెడర్లీలో ఆ జాతికి చెందిన మినోసైక్లిన్ తయారైంది. మినోసైక్లిన్‌ను కనుగొన్నది సుబ్బారావే అనుకోకండి. ఆయన నడిపిన ప్రయోగశాల పంట అది, అంతవరకే.

మొటిమలకు కూడా వాడే ఈ యాంటీబయాటిక్ మెదడులోని వాపును తగ్గించగలదని 1998లో ఫిన్లండ్ పరిశోధకులు జంతువులలో చూపారు. 2012లో పాకిస్తాన్, బ్రెజిల్ దేశాల్లో 144 మంది రోగులపై జరిగిన పరీక్ష ఫలితాలు వెలువడ్డాయి. సగం మందికి మామూలు మందులతో పాటు మినోసైక్లిన్, మిగతావారికి చూడటానికి అలాంటిదే అయిన ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. ఎవరికి ఏది అందిందో రోగికీ తెలియదు, వైద్యుడికీ తెలియదు. మినోసైక్లిన్ పుచ్చుకున్నవారిలో ఆసక్తి లేమి వంటి లక్షణాలు ఎక్కువగా తగ్గాయి. కాని ఏడాది పూర్తయ్యేసరికి పరీక్షలో మిగిలినవారు 94 మందే!

ఉత్తుత్తి మాత్ర ఎందుకని మీరు అడగవచ్చు. రోగి సాధారణంగా జబ్బు ముదిరినప్పుడే వైద్యుడి దగ్గరకు వస్తాడు. కొన్నాళ్లకు తనంతట తానే కొంత కుదుటపడతాడు. ఎవరో తనను శ్రద్ధగా గమనిస్తున్నారన్న ధైర్యమూ మేలు చేస్తుంది. ఆ ఘనతంతా మందు ఖాతాలో పడకూడదు కదా!

2012 పరీక్షలో పాల్గొన్న మాంచెస్టర్ వైద్యుడు బిల్ డీకిన్, తాము ఆశించిన ఆ ఫలితాన్నే బ్రిటన్‌లో మరింత కట్టుదిట్టంగా మళ్లీ పరీక్షకు పెట్టారు. ఈసారి 207 మంది రోగులు. ఏడాది పాటు రోజుకు 300 మిల్లీగ్రాముల మినోసైక్లిన్. 2018లో ఫలితాలు వచ్చాయి. మందు వాడినవారికీ వాడనివారికీ తేడా లేదు. మెదడు స్కాన్‌లలోనూ, రక్తంలోని వాపు గుర్తులలోనూ తేడా కనిపించలేదు. తమకు చేదైన ఈ ఫలితాన్ని దాచకుండా అచ్చువేయడం నా దృష్టిలో ఈ చరిత్రలోకెల్లా మంచి ఘట్టం. ఆస్పిరిన్ కథ కూడా ఇలాగే తిరిగింది. రుమేనియాలో జరిగిన పెద్ద పరీక్షల్లో దానివల్ల మేలు కనబడలేదని 2021లో తేలింది. కనుక ఎవరో చెప్పారని ఇంట్లో రోగికి ఇలాంటి మాత్రలు సొంతంగా వేయడం, డాక్టరు రాసిన మందులు ఆపడం ప్రమాదకరం.

మరి వాపు సిద్ధాంతం పూర్తిగా తప్పేనా? రోగులందరిలోనూ వాపు ఉండకపోవచ్చు. అది లేనివారికి వాపు మందు ఇస్తే ఏం ప్రయోజనం? అందుకే ఆస్ట్రేలియాలో రక్తపరీక్షలో సి-రియాక్టివ్ ప్రోటీన్ ఎక్కువగా ఉన్నవారినే ఎంచుకుని కానకినుమాబ్ అనే మందును జోడించి చూశారు. భ్రమలు, భ్రాంతులు కొంత తగ్గాయి. అయితే ఆ పరీక్షలో ఉన్నది ముప్పై మందికన్నా తక్కువే.