పంపినవాళ్లే పస్తులున్న రోజులు

నల్లగొండ క్రైస్తవ సంఘాల పుట్టుకలో రష్యా రైతుల కష్టార్జితం ఉంది. ఇప్పటి ఉక్రెయిన్‌లో, అప్పటి జార్ల ఏలుబడిలోని మొలోచ్నా ప్రాంతంలో మెన్నోనైట్లనే క్రైస్తవ శాఖకు చెందిన, జర్మన్ మాట్లాడే రైతులుండేవారు. గోధుమ పండించి బతికే ఆ కుటుంబాలు కానుకలు పోగుచేసి అబ్రహాం ఫ్రీజన్, మరియా దంపతులను తెలుగు నేలకు పంపాయి. అమెరికన్ బాప్టిస్టు మిషన్‌తో కలిసి పనిచేస్తూ ఆ దంపతులు 1890లో నల్లగొండలో కుదురుకున్నారు.

అది నిజాం రాజ్యం. వాన పడితే జొన్న, పడకపోతే కరువు. 1876-78 నాటి ధాత కరువును కళ్లారా చూసినవాళ్లు అప్పటికింకా ఊరూరా ఉన్నారు.

క్రీస్తును నమ్ముకున్నది ఎక్కువగా మాల, మాదిగ వాడలే. తెలుగు బాప్టిస్టు సంఘాల్లో చేరేవారికి మూడు నియమాలు ముఖ్యం: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి చిన్నవే. వెట్టి చేసే మనిషికి మాత్రం ఒక్కొక్కటీ ఊరి పెద్దలతో తగవే. ఆదివారం పనికి రానంటే దొరకు కోపం. జాతరలో డప్పు కొట్టనంటే ఊరందరికీ కోపం. కూలి పోవచ్చు, నీళ్లు పుట్టకపోవచ్చు. బాప్తిస్మంతో కష్టాలు తీరకపోగా కొత్తవి వచ్చిపడ్డాయి. అయినా నమ్మిన దేవుణ్ని విడవని ఆ మనుషుల తెగువే ఈ చరిత్రకు ప్రాణం.

చదువు రానివాళ్లకు పాటే బైబిలు. పురుషోత్తమ చౌదరి వంటి కవుల కీర్తనలను నోటికి నేర్చుకుని దీపాల వేళ వాడలో కూడి పాడుకునేవారు. దేవుణ్ని నమ్మడమంటే నోరు మూసుకుని ఓర్చుకోవడమని వాళ్లనుకోలేదు. కీర్తనల గ్రంథంలో దావీదు మొరపెట్టుకున్నట్టే తమ బాధా, విసుగూ ఆయన ముందే వెళ్లబోసుకున్నారు.

నల్లగొండ తరవాత సూర్యాపేట, జనగామల్లోనూ రష్యా మెన్నోనైట్లు మిషన్ కేంద్రాలు తెరిచారు. ఇంతలో 1914లో యుద్ధం, 1917లో విప్లవం. రష్యా నుంచి డబ్బు రావడం ఆగిపోయింది. 1921-22లో అక్కడ ఘోరమైన కరువు పడి, ఒకప్పుడు నల్లగొండకు కానుకలు పంపిన పల్లెలే గంజికి మొహం వాచాయి. వాళ్లను ఆదుకోవడానికి అమెరికాలోని మెన్నోనైట్లు అంతకుముందే, 1920లోనే, ఒక సహాయ సంఘం పెట్టుకోవాల్సి వచ్చింది. ఇక్కడి కేంద్రాల ఖర్చు అమెరికన్ బాప్టిస్టులు నెత్తికెత్తుకున్నారు. రష్యా నుంచి వచ్చిన మెన్నోనైట్ మిషనరీ కొర్నేలియస్ ఉన్రు నల్లగొండను వదల్లేదు. సొంత ఊరి నుంచి ఏ కబురొస్తుందో తెలియని రోజుల్లో ఆయన ఇక్కడివాళ్లకు ధైర్యం చెప్పాల్సి వచ్చింది. ఆ ధైర్యం పుస్తకాల్లోంచి తెచ్చుకున్నదై ఉండదు.

పాలమూరు వైపు కథ వేరు. అమెరికా మెన్నోనైట్ బ్రదరెన్ తరఫున 1899లో వచ్చిన ఎన్.ఎన్. హీబర్ట్ ఆరోగ్యం చెడి 1901లోనే తిరిగి వెళ్లాల్సి వచ్చింది. పని అక్కడితో ముగిసిందని అనుకోవచ్చు. ముగియలేదు. ఆ తరవాత వచ్చిన డేనియల్ బెర్గ్‌తోల్డ్ నాగర్‌కర్నూలులో కేంద్రం నెలకొల్పారు. 1907లో వచ్చిన డాక్టర్ కాథరీనా షెలెన్‌బర్గ్ నాగర్‌కర్నూలులో, శంషాబాద్‌లో రోగులను చూస్తూ 1945లో కన్నుమూసేదాకా ఈ నేలమీదే ఉన్నారు.

ఇక్కడివాళ్ల కష్టం మాత్రం మిషన్‌తోనూ తీరలేదు. పాలమూరు లేబరు గుంపు మేస్త్రీల వెంట దేశమంతా తిరిగి ఆనకట్టలు కట్టింది. ఆ వలస కూలీల్లో ఈ సంఘాలవాళ్లూ ఉన్నారు.

మిషన్ నివేదికల్లో విదేశీయుల పేర్లు భద్రంగా ఉన్నాయి. కాలినడకన ఊరూరా తిరిగిన ఉపదేశులవీ, బైబిలు స్త్రీలవీ, పస్తులుండి కూడా పిడికెడు గింజలు కానుకగా తీసిపెట్టిన తల్లులవీ చాలా పేర్లు ఎక్కడా లేవు. ఇది అన్యాయం. మీ సంఘంలో ఎనభై దాటిన పెద్దలుంటే ఈ ఏడాదే వాళ్ల దగ్గర కూర్చోండి. వాళ్లు చెప్పే పేర్లు, ఊళ్లు, సంగతులు రాసిపెట్టండి.