విశ్వాస సమాజాలు – ఇంటి కర్బన పాదముద్ర: ఖానాపూర్ ప్రాంతం నుంచి ఒక పరిశీలన

1. విషయ పరిచయం

మీ ఇంట్లో కాల్చే వంటగ్యాస్, వాడే కరెంటు, బండికి పోసే పెట్రోలు, వండుకునే బియ్యం – వీటన్నిటి వల్ల ఏడాదికి ఎంత కార్బన్ డై ఆక్సైడ్, దానితో సమానమైన ఇతర వాయువులు గాలిలో కలుస్తున్నాయో లెక్క కడితే వచ్చే మొత్తాన్ని ‘కర్బన పాదముద్ర’ అంటారు. బియ్యం పేరు ఎందుకు వచ్చిందని మీకు అనుమానం రావచ్చు. నీరు నిలిచిన వరిమడి మీథేన్ వాయువును విడుస్తుంది. ఖానాపూర్ దగ్గర సదర్‌మాట్ కింద సాగయ్యే పొలాలు కూడా ఈ లెక్కలోకి వస్తాయి.

ఈ మాటకు ఒక చరిత్ర ఉంది. 1990ల తొలి సంవత్సరాల్లో కెనడాలో విలియం రీస్, మాథిస్ వాకర్‌నాగెల్ ‘పర్యావరణ పాదముద్ర’ అనే భావనను రూపొందించారు. కర్బన పాదముద్ర అనే మాట దాని నుంచే వచ్చింది. 2000 దశకం మధ్యలో బీపీ అనే బ్రిటిష్ చమురు సంస్థ తన ప్రకటనల ద్వారా దీన్ని జనంలోకి తీసుకువెళ్లింది. చమురు అమ్మే సంస్థే ఇంటి యజమానిని పిలిచి నీ లెక్క నువ్వు చూసుకో అని చెప్పిందన్న సంగతి గుర్తుంచుకోండి. తగ్గించవలసిన బాధ్యత ఎవరిది అన్న ప్రశ్న ఈ పాఠం పొడవునా మన వెంట వస్తుంది.

2. ప్రపంచ నేపథ్యం

1986లో ప్రపంచ వన్యప్రాణి నిధి ఆహ్వానం మీద బౌద్ధ, క్రైస్తవ, హిందూ, ఇస్లాం, యూదు మతాల ప్రతినిధులు ఇటలీలోని అసిసీ పట్టణంలో సమావేశమయ్యారు. ప్రకృతి రక్షణ తమ ధర్మంలో భాగమని ఎవరి సంప్రదాయం నుంచి వారు ప్రకటన చేశారు. అది ప్రకటనల దశ. ఇళ్ల దాకా రావడానికి మరో రెండు దశాబ్దాలు పట్టింది.

2008లో బ్రిటన్‌లో లివర్‌పూల్ బిషప్ జేమ్స్ జోన్స్, లండన్ బిషప్ రిచర్డ్ చార్ట్రెస్, టియర్‌ఫండ్ అనే క్రైస్తవ సహాయ సంస్థ కలిసి ‘కర్బన ఉపవాసం’ ప్రారంభించారు. ఈస్టర్‌కు ముందు వచ్చే 40 రోజుల తపస్సు కాలంలో క్రైస్తవులు ఇష్టమైన తిండి ఏదో ఒకటి మానడం పాత ఆచారం. ఆ ఏడాది తిండికి బదులు కర్బనాన్ని తగ్గించమని అడిగారు. మొదటి రోజు ఇంట్లో బాగా కనబడే చోటి నుంచి ఒక బల్బు తీసేయాలి. 40 రోజులు ఆ చోటు చీకటిగానే ఉండాలి. తరవాత అక్కడ తక్కువ కరెంటు తాగే బల్బు పెట్టాలి. మధ్య రోజుల్లో ప్లాస్టిక్ సంచి వద్దనడం, వేడినీళ్ల ట్యాంకుకు తొడుగు వేయడం వంటి చిన్న పనులు.

దీన్ని మన లెక్కలో చూద్దాం. 60 వాట్ల బల్బు రోజుకు 5 గంటలు వెలిగితే 40 రోజులకు 12 యూనిట్లు. మన దేశంలో ఒక యూనిట్ కరెంటుకు సుమారు 0.7 కిలోల కార్బన్ డై ఆక్సైడ్ వెలువడుతుంది. అంటే మిగిలింది ఎనిమిదిన్నర కిలోల లోపే. అదే చోట 9 వాట్ల ఎల్‌ఈడీ పెడితే ఏడాదికి 93 యూనిట్లు, దాదాపు 65 కిలోలు మిగులుతాయి. కాబట్టి అసలు ప్రయోజనం 40 రోజుల చీకటి వల్ల కాదు, ఆ తరవాత స్థిరపడిన అలవాటు వల్ల. అందరూ ఒకే కాలంలో, ఒకే నియమం పట్టి, వారం వారం ఒకచోట కలుసుకుంటారు కాబట్టి ఆ అలవాటు నిలబడే అవకాశం ఎక్కువ. కార్తీక మాసం, రంజాన్ నెల పాటించే ఇళ్లలో ఈ శక్తి ఎలా పనిచేస్తుందో మీరు చూసే ఉంటారు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. తిరుమలలో 2002లో సూర్యరశ్మితో ఆవిరి పుట్టించి అన్నప్రసాదం వండే ఏర్పాటు చేశారు. అది సంస్థ తన వంటశాలను మార్చుకోవడం. భక్తుల ఇళ్లలో వంట మారడం వేరే సంగతి. మన పాఠానికి కావలసింది రెండోది.

3. కేస్లాపూర్: పొయ్యి పంచుకునే ఆచారం

ఇప్పుడు మన ప్రాంతానికి వద్దాం. ఖానాపూర్ శాసనసభ నియోజకవర్గంలోని ఇంద్రవెల్లి మండలంలో కేస్లాపూర్ ఉంది. ఏటా పుష్య అమావాస్య రాత్రి అక్కడ మెస్రం వంశీయులైన గోండులు నాగోబాకు మహాపూజ చేస్తారు. పూజకు కావలసిన గోదావరి జలం కోసం కాలినడకన జన్నారం మండలం కలమడుగు దగ్గరి హస్తినమడుగుకు వెళ్లివస్తారు. జాతరకు వచ్చిన మెస్రం కుటుంబాలు ‘గోవాడ్’ అనే ఆవరణలో బస చేస్తాయి. అక్కడ ఎన్ని కుటుంబాలు దిగినా వంట మాత్రం 22 పొయ్యిల మీదే జరుగుతుంది. ఒక కుటుంబం వంట ముగిస్తే అదే పొయ్యి మీద మరో కుటుంబం వండుకుంటుంది. ఎవరికి వారు వేరే పొయ్యి పెట్టుకోరు.

మంట మీద మంట అందుకుంటే కట్టె తక్కువ ఖర్చవుతుందని వంటచేసే ఏ స్త్రీ అయినా చెబుతుంది. అయితే ఈ ఆచారాన్ని కర్బనం తగ్గించే కార్యక్రమం అని మీరు జవాబు పత్రంలో రాస్తే అది చరిత్ర కాదు. నేటి భావనను నిన్నటి మనుషుల మనసులో పెట్టడాన్ని కాలవ్యత్యయ దోషం అంటారు. 22 పొయ్యిల వెనక ఉన్నది వంశంలోని శాఖల మధ్య బంధుత్వం, సమానత. కట్టె ఆదా కావడం దాని ఫలితాల్లో ఒకటి మాత్రమే.

4. ఈ జాగ్రత్త ఎందుకు?

ఈ ప్రాంతంలో అడవి గురించి ఇతరులు చెప్పిన మాటలు ఆదివాసుల బతుకును మార్చేశాయి. నిజాం కాలంలో అడవులను రిజర్వు చేసినప్పుడు పోడు చేసుకునే గోండులు, కోలాములు అడవికి చేటు అన్నారు. ఊళ్లు ఖాళీ చేయించారు. కొమరం భీం పోరాటం, 1940లో జోడేఘాట్‌లో ఆయన మరణం ఆ నేపథ్యంలోనివే. మరోవైపు, ఆదివాసులు పుట్టుకతోనే ప్రకృతి రక్షకులని పొగిడేవారూ ఉన్నారు. పొగడ్త మంచిదే అనిపిస్తుంది. కానీ అడవి రక్షకులకు గ్యాసు ఎందుకు, కరెంటు ఎందుకు, రోడ్డు ఎందుకు అనే వాదన దాని వెనకే వస్తుంది. 2012లో కవ్వాల్ పులుల అభయారణ్యం ఏర్పడిన తరవాత ఈ ప్రశ్నలు మరింత పదునెక్కాయి. నిందకూ పొగడ్తకూ ఒకే లోపం ఉంది. రెండూ అక్కడి కుటుంబాన్ని అడగకుండానే తీర్పు చెబుతాయి.

5. ఎవరు తగ్గించాలి?

కర్బన ఉపవాసం మొదలైన 2008లో బ్రిటన్‌లో తలసరి కార్బన్ డై ఆక్సైడ్ సుమారు 9 టన్నులు. భారతదేశంలో ఒకటిన్నర టన్నుకు లోపే. దేశం లోపల కూడా ఏసీ, కారు ఉన్న ఇంటికీ ఒక్క బల్బు వెలిగే ఇంటికీ అంతే దూరం ఉంటుంది. వాతావరణ మార్పు దెబ్బ ముందు పేదలకే తగులుతుంది కాబట్టి ఉన్నవారు తగ్గించుకోవాలన్నది టియర్‌ఫండ్ వాదన. అదే ఉపవాసాన్ని మార్పు లేకుండా అడవి అంచు గ్రామానికి తెస్తే ఆ న్యాయం తలకిందులవుతుంది.

మన రాష్ట్రంలో వంటింటి మార్పు ఎక్కువగా ప్రభుత్వ పథకాల ద్వారా వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో ‘దీపం’ పథకం స్వయం సహాయక సంఘాల మహిళలకు గ్యాస్ కనెక్షన్లు ఇచ్చింది. 2016లో కేంద్రం ‘ఉజ్జ్వల’ తెచ్చింది. కనెక్షన్ వచ్చినా మళ్లీ సిలిండర్ నింపించుకునే స్తోమత లేక చాలా ఇళ్లు కట్టెలకే తిరిగివచ్చాయి. 14.2 కిలోల సిలిండర్ కాలితే సుమారు 42 కిలోల కార్బన్ డై ఆక్సైడ్ వస్తుంది. పొగలో వండే ఇంటికి ఆ సిలిండర్ చేరితే కాగితం మీద శిలాజ ఇంధన వాడకం పెరగవచ్చు. కానీ ఆ తల్లి ఊపిరితిత్తులు బాగుపడతాయి, కట్టెల మోపు కోసం నడిచే సమయం మిగులుతుంది. పాదముద్ర ఒక్కటే కొలబద్ద అయితే ఈ మేలు లెక్కలోకి రాదు.

మరి విశ్వాస సమాజం చేయగలిగింది ఏమిటి? కేస్లాపూర్ చరిత్రలోనే ఒక ఆధారం ఉంది. నిజాం ప్రభుత్వానికి సలహాదారుగా ఉన్న మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ చొరవతో 1940లలో జాతరలో దర్బారు మొదలైంది. అధికారులు అక్కడికి వెళ్లి ఆదివాసుల ఫిర్యాదులు వింటారు. మొక్కు కోసం చేరిన జనం లౌకిక సమస్యను కూడా అక్కడే మాట్లాడుకోగలరని దీనివల్ల తెలుస్తుంది. చర్చిలో ఆదివారం, మసీదులో శుక్రవారం, భజన మండలిలో ఏకాదశి నాడు కూడిన వారికీ ఇది వర్తిస్తుంది. కలిగిన ఇళ్లు బల్బులు, బండ్లు, విందులు తగ్గించుకునే నియమం పట్టవచ్చు. ఆ మిగులుతో లేని ఇంటికి సిలిండర్ నింపించవచ్చు. అప్పుడు తగ్గింపు, పంపకం ఒకే నియమంలో ఇముడుతాయి.

6. సారాంశం

విశ్వాస సమాజాల బలం ఉపదేశంలో కన్నా ఉమ్మడి కాలంలో, ఉమ్మడి నియమంలో, క్రమం తప్పని కలయికలో ఉంది. లివర్‌పూల్ బల్బు, కేస్లాపూర్ పొయ్యి దీనికి రెండు వేర్వేరు ఉదాహరణలు. రెంటినీ ఒకటిగా కలపకూడదు. తగ్గించమని చెప్పేముందు ఆ ఇల్లు ఇప్పటికే ఎంత తక్కువతో బతుకుతోందో చూడాలి.

7. అభ్యాసం

(అ) మీ ఇంట్లో ఒక నెల కరెంటు యూనిట్లు, సిలిండర్లు రాసుకుని పై అంకెలతో లెక్క కట్టండి.

(ఆ) మీ ఊరిలో కట్టెల పొయ్యి మీద వండే ఒక ఇంటికి వెళ్లి, ఇంటావిడ అనుమతి తీసుకుని అడగండి: మొదటి సిలిండర్ ఎప్పుడు వచ్చింది? ఎన్నిసార్లు నింపించారు? ఎందుకు ఆపారు? జవాబులను ఆమె మాటల్లోనే రాయండి.

(ఇ) ఈ రెండు ఇళ్లలో ఏది ముందు తగ్గించుకోవాలి? కారణాలతో ఒక పేజీ రాసి, మీ అధ్యయన కేంద్రంలో తోటి విద్యార్థులతో చర్చించండి.