విండోస్ డ్రైవర్‌కు లినక్స్‌లో చోటిచ్చిన గిరిధర్

2004. ల్యాప్‌టాప్‌లో లినక్స్ ఎక్కింది. తెర వెలిగింది, స్పీకర్ పలికింది. వైఫై మాత్రం రాలేదు. లోపలున్నది బ్రాడ్‌కామ్ చిప్. కంపెనీ లినక్స్‌కు డ్రైవర్ ఇవ్వదు. మేమే రాసుకుంటామన్నా చిప్ వివరాలు చెప్పదు. చేతిలో ఉన్నదల్లా విండోస్ డ్రైవర్.

పోనీ, దాన్నే లినక్స్‌లో నడిపిస్తే?

ఆ సాహసం పేరు ఎన్‌డిఐఎస్ ర్యాపర్. 2003లో పాంటస్ ఫుక్స్ మొదలుపెట్టారు. తర్వాత ఆ బరువును ఏళ్ల తరబడి మోసినవారు గిరిధర్ పెమ్మసాని. ఇంటిపేరు చూస్తే మన తెలుగు నేల గుర్తొస్తుంది. అప్పుడాయన ఉన్నది న్యూయార్క్ రాష్ట్రంలోని స్టోనీబ్రూక్ విశ్వవిద్యాలయంలో.

ర్యాపర్ లోపల విండోస్ డ్రైవర్ మేల్కొంటుంది. తానున్నది విండోస్‌లోనే అనుకుంటుంది. మెమరీ కావాలంటుంది, టైమర్ పెట్టమంటుంది, తాళం వేయమంటుంది. అడిగిన ప్రతిదానికీ విండోస్ బదులు ర్యాపరే జవాబివ్వాలి. కొన్ని లినక్స్ కెర్నెళ్లలో స్టాక్ 4 కేబీలే. చాలా విండోస్ డ్రైవర్లకు అది సరిపోదు. 64 బిట్లకొచ్చేసరికి చిక్కు ఇంకా ముదిరింది. ఫంక్షన్‌కు పంపే మొదటి విలువలు విండోస్‌లో నాలుగు రిజిస్టర్లలో వెళ్తాయి, లినక్స్‌లో ఆరింటిలో. వాటి వరస కూడా వేరు. ప్రతి పిలుపు దగ్గరా వాటిని సర్దాలి. ఇదంతా కెర్నెల్ లోపల జరిగే పని కాబట్టి ఒక్కటి తప్పినా యంత్రం మొత్తం బిగుసుకుపోతుంది. అంతా కుదిరిన రోజున డ్రైవర్‌ను కెర్నెల్‌లోకి ఎక్కించే మాడ్‌ప్రోబ్ ఆదేశం కొట్టాక చుట్టుపక్కల నెట్‌వర్క్‌ల పేర్లు తెర మీదికొచ్చేవి!

కెర్నెల్ పెద్దలకు ఇది నచ్చలేదు. మూసిపెట్టిన కోడ్‌కు దొడ్డిదారి తెరిచారన్నారు. 2008లో, ర్యాపర్‌కు తప్పనిసరైన కెర్నెల్ ఫంక్షన్లు దానికి అందకుండా పోయాయి. వాదనల తర్వాత మళ్లీ అందాయి. మూసిన కోడ్‌ను నడుపుతోందంటూ కెర్నెల్ వేసే 'కళంకిత' (టెయింటెడ్) ముద్ర మాత్రం మిగిలింది. సూత్రరీత్యా వాళ్ల అభ్యంతరం న్యాయమే. కానీ ఆ రోజుల్లో లినక్స్ వాడాలని వచ్చి, నెట్ లేక వెనుదిరగబోయిన వాళ్లను నిలబెట్టింది గిరిధర్ శ్రమే.

ఈలోగా మరో దళం బ్రాడ్‌కామ్ డ్రైవర్‌ను విప్పి చదివింది. ఒక జట్టు చిప్ వివరాలు రాస్తే, వేరే జట్టు వాటిని మాత్రమే చూసి కోడ్ రాసింది. ఆ కొత్త డ్రైవర్ 2006లో కెర్నెల్‌లో చేరింది. 2010 సెప్టెంబరులో బ్రాడ్‌కామే కొత్త చిప్‌లకు ఓపెన్ సోర్స్ డ్రైవర్ విడుదల చేసింది.

లినక్స్ వాడే మిత్రులారా, యూఎస్‌బీ వైఫై కొనేముందు పెట్టె మీది బ్రాండ్ చూసి ఊరుకోకండి. లోపలి చిప్ ఏదో, దాని డ్రైవర్ కెర్నెల్‌లో ఉందో లేదో కనుక్కోండి. లేకపోతే ఆ డబ్బు ఓపెన్ సోర్స్ డ్రైవర్ ఇచ్చే కంపెనీకే ఇవ్వండి.