పాచికి మందేంటి?

కొత్తగా మొక్కలు నాటి అక్వేరియం మొదలెట్టిన వాళ్ళు కొన్ని వారాలయ్యాక అడిగే ప్రశ్న దాదాపు ఒకటే: "గాజంతా పాచి పట్టేసింది, ఏం మందు పొయ్యాలి?" నన్నడిగిన వాళ్ళకి మందు పేరు బదులు చరిత్ర చెప్తుంటాను. వాళ్ళు విసుక్కుంటారనుకోండి, అది వేరే విషయం :)

ఈ పాచి గొడవ అక్వేరియం అంత పాతది. లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అని ఒక రసాయన శాస్త్రవేత్త ఉండేవాడు. చేపలు వదిలే కార్బన్ డయాక్సైడ్‌ని మొక్కలు తీసుకుని ఆక్సిజన్ ఇస్తే, ఇక నీళ్ళు మార్చే పనే ఉండదు కదా అన్నది ఆయన లెక్క. 12 గాలన్ల గాజు పాత్రలో ఇసుక, మట్టి, రాళ్ళు వేసి, వాలిస్నేరియా మొక్క నాటి, రెండు చిన్న గోల్డ్‌ఫిష్‌లని వదిలాడు. డిజైన్ డాక్యుమెంట్‌లో ఏ లోపమూ లేదు. కానీ కొన్నాళ్ళకి పాత ఆకులు కుళ్ళాయి, నీళ్ళు మసకబారాయి, గాజు మీద పచ్చటి పాచి పేరుకుంది.

ఆయన రసాయన శాస్త్రవేత్త, ఏదో ఒక రసాయనం పోసెయ్యచ్చు. పొయ్యలేదు. చెరువులో కుళ్ళినదంతా ఏమవుతోందని ఆలోచించి ఐదారు నత్తల్ని తెచ్చి వేశాడు. అవి కుళ్ళిన ఆకుల్నీ పాచినీ తినేశాయి, వాటి గుడ్లు చేపలకి మేతయ్యాయి. 1850లో లండన్ కెమికల్ సొసైటీ ముందు ఈ సంగతంతా చెప్పాడు. అంటే అక్వేరియం సిద్ధాంతానికి మొదటి బగ్ ఫిక్స్ నత్త!

తర్వాత విలియం ఆల్ఫర్డ్ లాయిడ్ ఇంకో వైపు నుంచి వచ్చాడు. 1871లో తెరిచిన క్రిస్టల్ ప్యాలెస్ అక్వేరియంలో నీళ్ళలో ఎక్కువ భాగాన్ని కింద చీకటి తొట్టెలో ఉంచి, అక్కణ్ణుంచి తిప్పుతూ ఉండేవాడు. వెలుగు లేనిచోట పాచి పెరగదు కదా.

ఇక మన ఇంటర్నెట్ కాలానికొద్దాం. 1996లో పాల్ సియర్స్, కెవిన్ కాన్లిన్ అనే ఇద్దరు ఒక వ్యాసం రాశారు. ఫాస్ఫేట్‌ని బాగా తగ్గించి మిగతా పోషకాలు మొక్కలకి సరిపడా ఇస్తే పాచి పోటీలో ఓడిపోతుందన్నది దాని సారాంశం. చాలామంది నమ్మారు, ఫాస్ఫేటే దొంగ అని తీర్మానించేశారు. ఆ తర్వాత టామ్ బార్ అనే ఆయన మొక్కలు దట్టంగా, ఆరోగ్యంగా ఉన్న తొట్టెలో కావాలనే ఫాస్ఫేట్ కలిపి చూశాడు. పాచి రాలేదు, మొక్కలు ఇంకా బాగా పెరిగాయి!

ప్రొడక్షన్‌లో సర్వర్ పడిపోయినప్పుడు లాగ్‌లో కనిపించిన మొదటి లైన్ మీద నేరం మోపేవాళ్ళని మనం రోజూ చూస్తూనే ఉంటాం. దాన్ని కావాలని మళ్ళీ పుట్టించి చూసేదాకా అది కారణం కాదు, అనుమానం మాత్రమే. బార్ చేసింది ఆ పరీక్షే.

నాకు అర్థమైనంతలో కొత్త తొట్టె కష్టం ఇది: మొక్కలకి ఇంకా వేళ్ళు ఊనలేదు, అమ్మోనియాని మార్చే బాక్టీరియా ఇంకా పెరగలేదు, లైటు మాత్రం మొదటి రోజు నుంచే పది గంటలు వెలుగుతోంది. ఆ ఖాళీలోకి పాచి దూరుతుంది. లైటు ఆరేడు గంటలకి తగ్గించండి, త్వరగా పెరిగే మొక్కలు ఎక్కువ పెట్టండి, వారం వారం కొంత నీళ్ళు మార్చండి, రాలిన ఆకులు ఏరెయ్యండి. రాగి కలిసిన పాచి మందు పోస్తే, పాచి సంగతేమోగానీ ముందు చచ్చేది దాన్ని తినే నత్తలూ రొయ్యలే. చచ్చిన పాచి కుళ్ళి మళ్ళీ అమ్మోనియా. కథ మొదటికొస్తుంది.

సీసాలో అమ్మే పరిష్కారం ఓపిక కంటే తేలికే, కాదనను. కానీ పాచి శత్రువు కాదు, తొట్టెలో ఇంకా ఏదో కుదురుకోలేదని చెప్పే ఎర్రర్ మెసేజ్. మెసేజ్‌ని చెరిపేస్తే ప్రోగ్రాం బాగుపడుతుందా? మీరే చెప్పండి.